3389ని 33890 చేస్తే సరిపోతుందా?

మా విశాఖలో కంప్యూటర్ సర్వీసింగ్, నెట్‌వర్కింగ్ చేసుకునేవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ద్వారకానగర్‌లో ఏ షాపులో ర్యామ్ చవగ్గా దొరుకుతుంది, ఏ కంపెనీ ఇంటర్నెట్ పొద్దుట్నుంచీ డౌన్, ఇలాంటివి నడుస్తుంటాయి. పోయిన వారం ఒక కుర్రాడు అడిగాడు: "క్లయింట్‌కి ఇంట్లోంచి ట్యాలీ కావాలంట. రిమోట్ డెస్క్‌టాప్ ఎలా ఇవ్వాలి?" పది నిమిషాల్లో జవాబొచ్చింది. "రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ పెట్టెయ్. 3389 వద్దు, అందరికీ తెలుసు. 33890 పెట్టు. ఎవడికీ దొరకదు." దాని కింద వరసగా బొటనవేళ్లు. తెలియనివాళ్ల కోసం: రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఎక్కడో ఉన్న విండోస్ కంప్యూటర్ తెరని ఇంకో చోటి నుంచి వాడుకోవడం. పోర్టు అంటే ఇంటర్నెట్ వైపు మెషీన్‌కి ఉండే నంబర్ వేసిన తలుపు, రిమోట్ డెస్క్‌టాప్‌కి మామూలుగా ఉండే నంబర్ 3389. పోర్ట్ ఫార్వర్డ్ అంటే ఆ తలుపు బయటి నుంచి ఎవరు తట్టినా రౌటర్ నేరుగా లోపలి మెషీన్ దగ్గరికి పంపడం.

నేను మద్దిలపాలెంలో టీ కోసం ఆగి ఉన్నాను. అక్కడే జవాబు టైపు చెయ్యడం మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది, జవాబు అవలేదు. చెరిపేశాను. గ్రూపులో పాఠాలు చెప్పేవాడంటే ఎవరికీ పడదు, పైగా కొన్నేళ్ల క్రితమైతే ఆ బొటనవేళ్లలో ఒకటి నాదే అయ్యుండేది. అందుకని ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పంతొమ్మిదో తారీఖు

ఓడరేవు దగ్గర, పోర్టు ఏరియాలో ఒక చిన్న ఆఫీసు ఉంది. కస్టమ్స్ క్లియరింగ్ చేస్తారు, ఎనిమిది మంది ఉంటారు. వాళ్ల 'సర్వర్' అంటే బల్ల మూల మీద, దుమ్ము పడకుండా పాత టవల్ కప్పిన ఒక కేబినెట్. అందులో విండోస్ సర్వర్, దాని మీద ట్యాలీ. 2020 మార్చి దాకా ఆ కేబినెట్‌ని బయటి నుంచి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. లాక్‌డౌన్ అనగానే ఒక్క రాత్రిలో వచ్చింది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ పెట్టింది నేనే. "తాత్కాలికమే సార్, 21 రోజులే కదా" అన్నాను కూడా. ఆ తాత్కాలికం రెండేళ్లు నడిచింది.

ఒక నెల పంతొమ్మిదో తారీఖు సాయంత్రం అకౌంటెంట్ అమ్మాయి ఫోన్ చేసింది. మర్నాడు జీఎస్టీ 3బీ రిటర్నుకి ఆఖరి రోజు. "అన్నయ్యా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నాను. అకౌంట్ లాక్ అయిపోయిందంటోంది. పొద్దున్న కూడా ఇంతే, అరగంటాగితే దానంతటదే వచ్చింది." లాక్ తీశాను. పది నిమిషాలకి మళ్లీ ఫోన్. మళ్లీ తీశాను, మళ్లీ లాకయింది. ఇక బండి తీసి ఎంవీపీ కాలనీ నుంచి పోర్టు దాకా వెళ్లాను.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్‌లో చూస్తే అన్నీ 4625లే. లాగిన్ ప్రయత్నం విఫలమైతే విండోస్ రాసుకునే నంబర్ అది. మౌస్ చక్రం ఎంత తిప్పినా అదే నంబర్. సెకనుకి రెండు, మూడు. ఒక్కోదాని మీదా క్లిక్ చేస్తే ఎవరి పేరుతో ప్రయత్నించారో కనిపిస్తుంది: అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్, స్కాన్, బ్యాకప్, రిసెప్షన్. వాటి మధ్యలో 'అకౌంట్స్'. అది ఆ అకౌంటెంట్ అమ్మాయి లాగినే. ఎక్కడో ఒక ప్రోగ్రాం, మనిషి కూడా కాదు, రాత్రీ పగలూ ఆ పేరు మీద పాస్‌వర్డులు కొట్టి చూస్తోంది. పది తప్పులైతే అరగంట లాక్ అని నేనే పెట్టాను. లాక్ తన పని తాను బాగానే చేస్తోంది. దొంగని ఆపింది, ఇంటావిడనీ ఆపింది.

ఇంతకీ చెప్పాల్సిన ముక్క ఒకటుంది. ఆ రౌటర్‌లో నేను బయటికి తెరిచిన పోర్టు 3389 కాదు. 33890. గ్రూపులో వాడు చెప్పిందే, అంకెతో సహా.

నంబర్ మారిస్తే ఎందుకు దాగదు

నిజం చెప్పాలంటే కొంత దాగుతుంది. నంబర్ మార్చిన కొత్తలో లాగ్‌లో చప్పుడు తగ్గుతుంది, అది నేనూ చూశాను. మామూలుగా 3389 మాత్రమే తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములు మన గుమ్మం దాటిపోతాయి. అందుకే ఈ సలహా ఇన్నేళ్లు బతికింది. ఇచ్చినవాడికి పనిచేసినట్టే కనిపిస్తుంది మరి.

కానీ ఇంటర్నెట్ మనం అనుకునేంత పెద్ద ఊరేం కాదు. పాత తరహా ఐపీ అడ్రసులు మొత్తం దాదాపు 430 కోట్లు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అనే ప్రోగ్రాం రాసి, ఒక్క మామూలు కంప్యూటర్‌తో, గిగాబిట్ లైన్ మీద, ఒక పోర్టు నంబర్‌కి ఈ అడ్రసులన్నిటినీ 45 నిమిషాల లోపే తట్టి చూపించారు. బయటికి కనిపించే మెషీన్లని వెతికి జాబితా కట్టే షోడాన్ అనే సెర్చ్ ఇంజన్ 2009 నుంచీ ఉంది. 65 వేల పైచిలుకు పోర్టులూ చూడాలంటే టైం పడుతుంది, నిజమే. తట్టేవాడికి తొందరేముంది? వాడికి కరెంటు ఖర్చు తప్ప ఇంకేం లేదు.

పైగా తలుపు తట్టగానే మన మెషీన్ తనెవరో చెప్పేస్తుంది. వీఎన్‌సీ అని, రిమోట్ డెస్క్‌టాప్ లాంటిదే ఇంకోటుంది, లినక్స్‌లో ఎక్కువ వాడతారు. ఆ సర్వర్ అయితే మరీ అమాయకం. ఎవరు కనెక్ట్ అయినా, అడక్కముందే, 'ఆర్‌ఎఫ్‌బీ 003.008' అని తన భాష పేరు, వెర్షన్ నంబర్ చెప్పి పలకరిస్తుంది. ఆర్‌డీపీ, అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్, అలా ముందు మాట్లాడదు గానీ, దాని భాషలో ఒక్క పలకరింపు పంపితే జవాబిచ్చి దొరికిపోతుంది. బోర్డు తీసెయ్యకుండా షాపుని పక్క వీధిలోకి మార్చామన్నమాట.

"పాస్‌వర్డ్ గట్టిది పెడితే ఏం కాదు కదా" అని ఇంకో వాదన వస్తుంది. నేనూ చాలాకాలం అదే అన్నాను. 2019 మేలో బ్లూకీప్ బయటపడేదాకా. పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసులోనే ఉన్న లోపం అది. పాస్‌వర్డ్ అడిగే దశకి రాకుండానే లోపలికి దూరొచ్చు. ఎంత ప్రమాదమనుకున్నారో గానీ, సపోర్ట్ ఎప్పుడో ఆపేసిన ఎక్స్‌పీకీ, సర్వర్ 2003కీ కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. గడియ ఎంత గట్టిదైనా తలుపు చెక్కకే చిల్లు ఉంటే ఏం చేస్తాం. ఆ చిల్లు ఇంకెన్ని చోట్ల ఉందో ముందే తెలిసే దారి లేదు కాబట్టి, తలుపు వీధిలోకి కనిపించకుండా ఉండడమే మేలు.

ఎనిమిది అక్షరాలు

విండోస్ వాళ్లకే ఈ గోల అనుకునే లినక్స్ మిత్రుల కోసం ఒక సంగతి.

నా స్నేహితుడి కూతురు ఎంటెక్ ప్రాజెక్టు చేస్తోంది. ఆర్కే బీచ్ వైపు తీరం ఎంత కోసుకుపోయిందో శాటిలైట్ బొమ్మల మీద కొలవడం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఆ బొమ్మలు తెరిస్తే తన ల్యాప్‌టాప్ ఊపిరి ఆగిపోతోంది. ముంబైలో ఉన్న క్లౌడ్ మెషీన్ ఒకటి అద్దెకి తీసుకుంది. దాని మీద ఉబుంటు, దాని మీద డెస్క్‌టాప్, ఏదో వీడియో చూసి వీఎన్‌సీ, ఫైర్‌వాల్‌లో 5901 పోర్టు ప్రపంచం మొత్తానికి బార్లా.

"పాస్‌వర్డ్ చాలా పెద్దదే పెట్టాను అంకుల్, పధ్నాలుగు అక్షరాలు."

"మొదటి ఎనిమిదీ కొట్టి ఎంటర్ నొక్కమ్మా."

నొక్కింది. క్యూజీఐఎస్ తెరిచి ఉన్న డెస్క్‌టాప్ వచ్చేసింది. ఏమీ అనలేదు. మూసేసి, మళ్లీ ఆ ఎనిమిదీ కొట్టి, తర్వాత నోటికొచ్చిన అక్షరాలు నాలుగు తగిలించింది. అప్పుడూ తెరుచుకుంది.

ఇది బగ్ కాదు, పుట్టుకతో వచ్చింది. వీఎన్‌సీ 1990లలో కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. ఆ కాలపు డెస్ అనే గుప్తీకరణ పద్ధతిలో పాస్‌వర్డునే తాళంచెవిగా వాడారు, ఆ చెవి పొడవు ఎనిమిది బైట్లు. తొమ్మిదో అక్షరం నుంచి మీరేం కొట్టినా గాలికే. పాస్‌వర్డ్ దాటాక, పాత పద్ధతిలో స్క్రీన్ మీద బొమ్మా, మనం కొట్టే అక్షరాలూ అన్నీ ఏ ముసుగూ లేకుండా పోతాయి. ఒకే భవనంలో, తెలిసినవాళ్ల మధ్య వాడుకోడానికి అది చాలు. కొత్త వీఎన్‌సీల్లో టీఎల్ఎస్ వగైరా ముసుగులు ఉన్నాయి గానీ, రెండు చివర్లా సరిగ్గా పెట్టుకుంటేనే.

తన విషయంలో మందు తేలిక. వీఎన్‌సీ సర్వర్‌ని 127.0.0.1 మీద మాత్రమే వినమని చెప్పాం. అంటే ఆ మెషీన్ తనతో తాను మాట్లాడుకోవడమే, బయటివాళ్ల మాట వినదు. ఫైర్‌వాల్‌లో 5901 మూసేశాం. తెరిచి ఉంచింది ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే, అంటే రెండు మెషీన్ల మధ్య మాటలన్నిటికీ ముసుగేసి పంపే దారి. అదీ పాస్‌వర్డ్‌తో కాకుండా కీ అనే రహస్య ఫైలు ఉంటేనే. ఇప్పుడు తన ల్యాప్‌టాప్‌లో ఒక కమాండ్ కొడుతుంది: నా మెషీన్‌లో 5901కి వచ్చిందేదైనా ఎస్ఎస్‌హెచ్ లోపల్నుంచి అక్కడి 5901కి చేరవెయ్యి, అని. తర్వాత వీఎన్‌సీ వ్యూయర్‌ని సొంత మెషీన్‌కే కనెక్ట్ చేస్తుంది. సొరంగంలో ఇటు దిగి అటు తేలినట్టు. ఎస్ఎస్‌హెచ్ పుట్టిందే ఇలాంటి బాధలోంచి. 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో దారిలో కాపు కాసి పాస్‌వర్డులు పట్టేస్తే, అక్కడే ఉన్న టాటూ యులోనెన్ దాన్ని రాశాడు.

ముందు ఎస్ఎస్‌హెచ్ లోంచే ఎక్స్ ఫార్వర్డింగ్ పెట్టి చూశాం. వీఎన్‌సీ అక్కర్లేదు, కిటికీ ఒక్కటే ఇటు వస్తుంది. కానీ క్యూజీఐఎస్‌లో మెనూ నొక్కితే అది విచ్చుకునేలోపు వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చి, గ్లాసులు తీసుకెళ్లిపోయారు. లినక్స్‌లో కిటికీలు గీసే ఈ ఎక్స్ విండో 1984లో ఎంఐటీలో మొదలైంది. రెండు చివర్ల మధ్య చిన్న చిన్న సంప్రదింపులు లెక్కలేనన్ని జరుపుతుంది. ఒక క్యాంపస్‌లో బాగానే ఉంటుంది, విశాఖకీ ముంబైకీ మధ్య ప్రతి సంప్రదింపూ అంత దూరం వెళ్లి రావాలి.

ఇక్కడ ఒక పెద్దమనిషి తగులుతాడు, ప్రతి చర్చలోనూ. "అసలు సర్వర్ మీద డెస్క్‌టాప్ ఏంటి? కమాండ్ లైన్ నేర్చుకోవచ్చు కదా." ఆయన చెప్పేది తప్పు కాదు. డెస్క్‌టాప్ వేస్తే ప్యాకేజీలు పెరుగుతాయి, వాటితో లోపాలూ పెరుగుతాయి. నా సొంత సర్వర్ల మీద నేనూ వెయ్యను. కానీ తీరం గీత మౌస్‌తో గీయాల్సిన పిల్లకీ, ట్యాలీలో వోచర్ చూడాల్సిన అకౌంటెంట్‌కీ కమాండ్ లైన్ నేర్చుకో అనడం, బస్సు అడిగినవాడికి ఈత నేర్చుకోమనడమే. ఈ సలహా విన్నవాళ్లు కమాండ్ లైన్ నేర్చుకోరు. ఇంకో వీడియో చూసి 5901 తెరుస్తారు.

అరకు సొరంగాలు

ఆ అమ్మాయికి కుదిరిందే పోర్టు ఆఫీసుకీ పెట్టాను. 33890 మూసేసి, ఎస్ఎస్‌హెచ్ సొరంగం. ఇళ్లల్లో వాళ్ల విండోస్ మెషీన్లలో ఎస్ఎస్‌హెచ్ కోసం పుట్టీ అనే ప్రోగ్రాం వేసి, కీ ఫైలు పెట్టి, దానికో పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) పెట్టి, వరస నేర్పాను. ముందు పుట్టీ తెరవాలి, సేవ్ చేసిన సెషన్ ఎంచుకోవాలి, పాస్‌ఫ్రేజ్ కొట్టాలి, ఆ నల్ల కిటికీ మూసెయ్యకుండా పక్కన పెట్టుకోవాలి, అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఫలానా నంబర్‌కి వెళ్లాలి. నాకు గర్వంగా ఉంది. లాగ్‌లో 4625లు లేవు.

నెల తర్వాత అకౌంటెంట్ ఇంటికి వేరే పని మీద వెళ్తే, మానిటర్ అంచున పసుపు కాగితం. ఈ వరసంతా గుండ్రటి చేతిరాతతో. ఆఖరి లైను పాస్‌ఫ్రేజ్. నవ్వి ఊరుకున్నాను. అప్పుడైనా నాకు తెలిసిరావాల్సింది.

తర్వాత ఒక శనివారం ఇంటిల్లిపాదీ అరకు వెళ్లాం, పొద్దుటి రైల్లో. ఆ దారిలో 50కి పైగా సొరంగాలు. పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు, నా ఫోన్‌లో సిగ్నల్ వచ్చేది, పోయేది. సరిగ్గా అప్పుడే ఆఫీసు సొరంగం తెగింది. ఎస్ఎస్‌హెచ్ సర్వీసు ఏదో అప్‌డేట్ తర్వాత లేవలేదు. పద్నాలుగు మిస్డ్ కాల్స్. నేను దొరకను, షిప్‌మెంట్ ఆగదు. వాళ్లు వేరే కుర్రాడిని పిలిచారు. సోమవారం వెళ్లి చూస్తే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్. ఈసారి 33890 కూడా కాదు, అచ్చంగా 3389.

నాకు ఒళ్లు మండింది. ఓనరుగారు అరవై దాటినాయన, నా కోపాన్ని సాంతం వినేసి ఒకటే మాటన్నారు: "నీది మంచిదే బాబూ. కాకపోతే నువ్వుంటేనే పన్జేస్తాది. ఆ కుర్రోడిది నువ్వు లేకపోయినా పన్జేసింది."

ఈ వ్యాసంలో నా అభిప్రాయమంటూ ఉంటే అది ఆ మాటలోంచే వచ్చింది. డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి నేరుగా చూపించకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ పోర్టులు తెరుచుకోవడానికి కారణం జనాల అజాగ్రత్త అని మా వృత్తివాళ్లం చెప్పుకునేది సగం అబద్ధం. ఐదు మెట్లెక్కి దిగాల్సిన దారి మనం వేస్తాం. పక్కనే గోడ దూకే దారి ఒకటుంటుంది. జనం గోడ దూకుతారు. తర్వాత మనం వాళ్లకి అవగాహన లేదంటాం. భద్రమైన దారి గోడ దూకడం కన్నా తేలిగ్గా లేకపోతే, దాన్ని వేసినవాడు పని పూర్తి చెయ్యనట్టే.

స్విచ్

ఆఫీసులో మూలనపడ్డ పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంటే దాంట్లో లినక్స్ వేసి వైర్‌గార్డ్ పెట్టాను. ఇదొక వీపీఎన్, అంటే ఇంటి మెషీన్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌లో కలిపే సొరంగం. ఇది 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచీ లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్లోనే ఉంది, సుమారు నాలుగు వేల లైన్ల కోడ్ అంతే. నాకు నచ్చింది దాని మౌనం. రౌటర్‌లో తెరిచింది యూడీపీ అనే రకం పోర్టు, 51820 ఒక్కటే. సరైన కీ లేనివాడు తడితే అది జవాబే ఇవ్వదు. లోపల ఎవరైనా ఉన్నారో లేదో కూడా తెలియనివ్వదు.

వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే అదొక స్విచ్. ఫోన్‌లో అయితే యాప్ తెరిచి అటు జరపడం, ల్యాప్‌టాప్‌లో యాక్టివేట్ అనే బటన్ నొక్కడం. ఆ తర్వాత ఇంట్లో కూర్చున్నా ఆఫీసులో కూర్చున్నట్టే. పసుపు కాగితం అక్కర్లేదు. ఓనరుగారి ఫోన్‌కి సెటప్ చెయ్యడానికి ఒక క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అయిపోయింది. ఇంకోటి, ఎలా బాగుచేయాలో ఒక పేజీ రాసి కవర్లో పెట్టి ఆయన బీరువాలో ఉంచాను. నేను అరకులో ఉన్నా, ఆ కుర్రాడే వచ్చినా, గోడ దూకక్కర్లేకుండా.

సందేహాలు లేవని కాదు. అకౌంటెంట్ ఇంటి ల్యాప్‌టాప్‌లోనే వాళ్ల తమ్ముడు ఎక్కడెక్కడివో గేములు దించి ఆడతాడు. సొరంగం ఎంత పటిష్ఠమైనా ఆ చివర మురికి ఉంటే ఈ చివరకి శుభ్రంగా చేరవేస్తుంది. అందుకని వీపీఎన్‌లోంచి వచ్చినవాళ్లకి సర్వర్ మీద 3389 తప్ప ఇంకేదీ అందకుండా ఫైర్‌వాల్ బిగించాను. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇంటి డ్రైవులు సర్వర్లో కనిపించే సదుపాయం తీసేశాను. దానికి కొన్నాళ్లు తిట్లు తిన్నాను, ఇన్వాయిస్ పీడీఎఫ్‌లు మెయిల్ చేసుకోవాల్సి వస్తోందని. అదీ న్యాయమైన తిట్టే. విండోస్ పాస్‌వర్డులు, అకౌంట్ లాక్ మాత్రం అలాగే ఉంచాను. ఇక అన్నీ దాటి ఏదైనా వచ్చి ఫైళ్లన్నిటికీ తెరవడానికి వీల్లేకుండా తాళం వేసేస్తే? ఓనరుగారు ప్రతి శనివారం బ్యాకప్ హార్డ్ డిస్క్‌ని గుడ్డ సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి ఆఫీసు కిటికీలు ఎగిరిపోయి కేబినెట్ నిండా నీళ్లు చేరినప్పట్నుంచీ ఉన్న అలవాటు. నేను పెట్టిన అన్నిటికన్నా ఆ గుడ్డ సంచీ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

"ఇంత ఎందుకు, స్క్రీన్ షేరింగ్ యాప్ వేస్తే పోలా" అంటారు. ఊరికే తీసిపారేసే మాట కాదది. ఎప్పుడో ఒకసారి, అవతల మనిషి కూర్చుని చూస్తూ సరేనని నొక్కితే లోపలికొచ్చే పద్ధతి నేనూ వాడతాను, మా అమ్మ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చెయ్యడానికి కూడా. కానీ ఎవరూ లేనప్పుడు కూడా తెరుచుకునేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టేసి వదిలేస్తే, మన తలుపు ఆ కంపెనీ వరండాలో పెట్టినట్టు. ఆ యాప్‌లతోనే జనాల ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019లోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. అందులో తప్పు యాప్‌ది కాదనుకోండి, అవతలివాడు ఫోన్‌లో చెప్పినట్టల్లా నొక్కిన వేలిది.

ఈ స్విచ్ కూడా అన్ని చోట్లా పడదు. కొన్ని హోటళ్ల వైఫైలో యూడీపీ ఆపేస్తారు, అప్పుడు ఫోన్ హాట్‌స్పాటే గతి.

మొత్తానికి సంవత్సరం ప్రశాంతంగా గడిచింది. ఈ మధ్య ఓనరుగారు ఫోన్ చేశారు. "బాబూ, నీ స్విచ్ ఏటో తిక్కగా ఉంది. రాత్రిపూట బాగుంటుంది, ఉన్నట్టుండి ఆగిపోద్ది, మళ్లీ దానంతటదే వస్తాది." వెళ్లి లినక్స్ మెషీన్‌లో చూశాను. ఆయన కీ పేరు పక్కన చివరిసారి కనెక్ట్ అయిన అడ్రసు ఒకసారి మన జియోది, ఇంకో నిమిషానికి అమెరికాది. మళ్లీ జియో. మళ్లీ అమెరికా. ఒకే కీ రెండు చోట్ల ఉంటే ఇంతే, సర్వర్ ఎవరు ఆఖరిగా పలికితే వాళ్ల వైపు తిరుగుతుంది.

"అబ్బాయి డల్లాస్ నుంచి లెక్కలు చూస్తానన్నాడు" అన్నారాయన. "నువ్విచ్చిన ఆ క్యూఆర్ బొమ్మ ఫొటో ఉంది కదా, పంపించాను."

"ఎక్కడికి పంపించారు సార్?"

"ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను."

ఆ బొమ్మలో ఉన్నది ఎవరికీ చూపించకూడని ఆయన ప్రైవేట్ కీ. గ్రూపులో నలభై రెండు మంది. అక్కడే కూర్చుని ఆ కీ తీసేసి రెండు కొత్తవి చేశాను. ఆయన ఫోన్ నేనే పట్టుకుని స్కాన్ చేసి, స్క్రీన్ మీద బొమ్మ మూసేశాను. అబ్బాయి కీ కోసం డల్లాస్‌కి వీడియో కాల్ చేసి, కోడ్‌ని కెమెరా ముందు పెట్టి స్కాన్ చేయించాను. స్క్రీన్‌షాట్ తియ్యొద్దు అని చెప్పేలోపే అటు నుంచి 'టక్' మని చప్పుడు వినిపించింది.